పుదీనా ఆకు, ఇనుప ముక్క

పంపు గదిలో ప్లగ్గుల బోర్డు వెనక దొరికిన పుదీనా ఆకును మొంజీ రెండు వేళ్లతో పట్టుకుని అందరికీ కనిపించేలా పైకెత్తాడు. ఆకు వాడిందే గాని ఇంకా ఎండలేదు.

"చూశారుగా! ఇది ఇక్కడికి నడిచి రాలేదు. ఎవరో టీ కాచారు. కంప్యూటర్ ప్లగ్గు పీకి, పొయ్యి ప్లగ్గు పెట్టి కాచారు. ఈ గది తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉంది. ఒకటి నాది. నేను టీ కాచుకోను."

తోటల వాళ్లు ముప్పైమంది దాకా ఉన్నారు. అందరూ ఒక్కసారి గుమ్మం వైపు తిరిగారు. గుమ్మం మీద హనియ్యా కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. ముప్పై ఖర్జూరపు చెట్లు తప్ప ఆమెకు వెనకా ముందూ ఏమీ లేదు. రోజూ కాలవలో పడ్డ ఇసుక ఎత్తిపోసి, పంపు గది ఊడ్చి, సాయంత్రం నాలుగింటికి మూలనున్న కరెంటు పొయ్యి మీద టీ కాచి, ఆ సమయానికి ఎవరుంటే వాళ్లకు పోస్తుంది. జీతం లేదు, బత్తెం లేదు. ఆ తాళంచెవే ఆమె హోదా.

"కాచాను. రోజూ కాస్తాను. నీకూ పోశాను, చక్కెర చాలలేదని ఇంకో చెంచా అడిగి మరీ తాగావు. నీ కంప్యూటర్ డబ్బా జోలికి మాత్రం పోలేదు. ఆ బోర్డుకి మూడు కన్నాలున్నాయి మొంజీ. మూడోది ఎప్పుడూ ఖాళీయే."

"మరి మిషను సరిగ్గా నాలుగింటికే ఎందుకు ఆగుతోంది పిన్నీ? నాలుగుసార్లు ఆగింది. నాలుగుసార్లూ అదే వేళ. నువ్వు టీ కాచేదీ అదే వేళ."

"ఎండ మండేది కూడా అదే వేళ. పోయి ఎండనడుగు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో మొంజీకి ఒళ్లు మండింది. నవ్వు రాకపోతే అంత దూరం పోయేవాడు కాదేమో. అయినా మనిషి నోరు జారడానికి సాకులు వెతికి పెట్టడం నా పని కాదు. అతను అన్నది ఇది: "నాలుగిళ్లవాళ్ల నీళ్లు పోయాయి. నీ గ్లాసెడు టీ కోసం. తాళంచెవి ఇక్కడ పెట్టు."

హనియ్యా నడుముకి కట్టుకున్న తాడు విప్పింది. తాళంచెవి తీసింది. అతను చెయ్యి చాచినా ఆ చేతిలో పెట్టలేదు. నేల మీద పెట్టింది. పొయ్యి ఒక చేత్తో, టీ కూజా ఇంకో చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది.

ఎడారి అంచునున్న బీర్ లహ్మర్ ఊళ్లో నీళ్లంటే బోరుబావి ఒక్కటే. పన్నెండు రోజులకొకసారి ప్రతి తోటకీ వంతు వస్తుంది. వంతుల లెక్క అంతకుముందు నీటి కాపరి చేతిలో ఉండేది. ఆ కాపరి పెద్ద తోటల ఆసామి హమీదా మనిషి. హమీదాకు ఎనిమిది వందల చెట్లు. హమీదా వంతు వస్తే గంట డెబ్బై నిమిషాలకు సాగేది, బీదవాడి వంతు వస్తే యాభైకి ముడుచుకునేది. దీని మీద మొదట నోరెత్తినవాడు మొంజీ. రేడియోలు, ఫోన్లు బాగుచేసుకుని బతికేవాడు. కాలేజీ ముఖం చూడలేదు. మూడు రోజులు కాలవ తలుపు మీద బైఠాయించి కాపరిని దింపించాడు. ఆ మూడు రోజులూ అతని పక్కన కదలకుండా కూర్చున్న మనిషి ఈ హనియ్యాయే.

కాపరి స్థానంలో మొంజీ పెట్టింది అరచేతిలో పట్టే కంప్యూటర్. రేకు డబ్బాలో ఉంటుంది. రేయింబవళ్లు నడుస్తూనే ఉండాలి. ఎవరి వంతు ఎప్పుడో దానికి తెలుసు. వేళకి ఈ తోట వాల్వు మూసి ఆ తోట వాల్వు తెరుస్తుంది. దానికి చుట్టరికాలు లేవు. అయితే ఒక్క క్షణం కరెంటు అందకపోయినా ఆగిపోతుంది, వాల్వులన్నీ మూసుకుంటాయి. తిరిగి లేచాక టైమెంతో దానికి తెలియదు. మొంజీ వచ్చి గడియారం సరిచేసేదాకా నీళ్లు రావు. ఈలోగా ఎవరి వంతు నడుస్తోందో వాళ్ల పని అయిపోయినట్టే. కాయ ముదిరే నెలలో వంతు పోతే ఇరవై నాలుగు రోజులు చెట్టుకి చుక్క ఉండదు. ఆ జులైలో నాలుగిళ్లకు అలా పోయింది.

"మిషను కన్నా మనిషే నయం" అని హమీదా అప్పుడే కాఫీ కొట్టు దగ్గర మొదలుపెట్టాడు. మొంజీకి ఆత్రం పుట్టింది. మిషను తప్పు కాదని తేలాలి, త్వరగా తేలాలి. మిషను తప్పు కాకపోతే మనిషి తప్పవ్వాలి. అందుబాటులో ఉన్న మనుషుల్లో అందరికన్నా బీద మనిషి హనియ్యా. బీదవాళ్ల మీదే ముందు నింద పడుతుందని పదేళ్లుగా అరిచిన నోరు మొంజీది. నింద వేయాల్సివచ్చినప్పుడు ఆ నోరు వెతుక్కున్నదీ ఆ దారే.

తాళంచెవి లాక్కున్న నాలుగో రోజు మిషను మళ్లీ ఆగింది.

మొంజీ దానికీ ఒక జవాబు పుట్టించాడు. కాఫీ కొట్టులో త్లీలీ పక్కన కూర్చుని, "మారు తాళంచెవి చేయించుకుని ఉంటుంది" అన్నాడు. త్లీలీ మంచివాడే, కొంచెం చెవుడు. చెవిటివాడికి చెప్పే మాట పదిమందికి వినపడేలాగే చెప్పాలి. సాయంత్రానికల్లా హనియ్యాకు దొంగతాళం ఉందని ఊరంతా అనుకుంది. మొంజీ కొత్త తాళం కొని వేశాడు. తాళం బిగిస్తున్నప్పుడు తను న్యాయం చేస్తున్నానని నిజంగానే నమ్మాడు.

తర్వాతి బుధవారం తనే లోపల కూర్చున్నాడు. తలుపు మూసుకుని, స్టూలు మీద, డబ్బా కేసి చూస్తూ. రేకుల కప్పు కింద గది పెనంలా కాగుతోంది. నాలుగింటికి ఐదు నిమిషాల ముందు డబ్బాలో పచ్చ దీపం వణికింది. ఆరింది. వాల్వులు టకటకా మూసుకున్నాయి. గదిలో హనియ్యా లేదు. పొయ్యి లేదు. పుదీనా ఆకు లేదు. ఉన్నవాడు మొంజీ ఒక్కడే.

అప్పుడే బయటికి వచ్చి చెప్పి ఉండాల్సింది. గడియారం సరిచేసి బయటికి వచ్చేసరికి వంతు పోయిన మనిషి పార భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమైంది?"

"కరెంటు పోయింది" అన్నాడు మొంజీ.

ఆ రోజు కరెంటు పోలేదు.

మొంజీ భార్య మహబూబా ఖర్జూరాల గిడ్డంగిలో కాయలు ఏరే పని చేస్తుంది. బెల్టు మీద కదిలిపోయే కాయల్లోంచి పుచ్చిన కాయను చూడకుండా వేళ్లతో పట్టేస్తుంది. ఆదివారం పొద్దున అలమర తుడుస్తూ, అక్కడున్న అడాప్టర్‌ను చేతిలోకి తీసుకుంది. పంపు గదిలో డబ్బాకు కరెంటిచ్చే అడాప్టర్‌కు ఇది జోడీ. గురువారం సంతలో మొంజీ ఒకేసారి ఆరు కొన్నాడు. కొన్న తీరు ఊరికంతా తెలుసు, తనే పదిసార్లు చెప్పుకున్నాడు. గుట్టలోంచి ఒక్కొక్కటే తీసి, ఖర్జూరపు గెలను చూసినట్టు అరచేతిలో ఎగరేసి, తేలికవి పక్కన పడేసి, బరువైనవి ఏరాడు. బీర్ లహ్మర్ వాళ్లు ఏది కొన్నా అలాగే కొంటారు. చేతికి బరువు తగిలితే లోపల గుజ్జు ఉందని నమ్మకం. తేలిక అడాప్టర్‌లో రాగి ఉండదు, బరువైనదాంట్లో ఉంటుంది, నా చెయ్యి అబద్ధం చెప్పదు అనేవాడు మొంజీ. ఇంటికొచ్చి మీటరు పెట్టి చూస్తే, డబ్బాకు కావలసిన ఐదు వోల్టులకు పైనే చూపింది. ఇంకేం కావాలి?

"ఇది పుచ్చు" అంది మహబూబా.

"అది కాయ కాదే, అడాప్టరు."

"ఏదైతేనేం? బరువంతా ఒక మూలే ఉంది. మంచి కాయ చేతిలో ఇలా పక్కకి వాలదు. లోపల ఏదో వేరే ఉంది."

మొంజీ దాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. కత్తి తెచ్చి అతుకు వెంట చీల్చాడు. లోపల అగ్గిపెట్టెలో సగం చోటు చాలేంత పిసరు బోర్డు ఉంది. దాని పక్కన, జిగురుతో అంటించిన ఇనుప ముక్క ఉంది. దానికి వైరు లేదు, పని లేదు. మొంజీ లాంటివాళ్ల అరచేతిని మోసం చేయడమే దాని పని.

అతను పాత పొయ్యిలోంచి కాయిల్ తీగ కొంత కత్తిరించి, నీళ్ల గ్లాసులో ముంచి, ఇంకో అడాప్టర్‌కు తగిలించాడు. డబ్బా ఎంత కరెంటు లాగుతుందో ఆ తీగా ఇంచుమించు అంతే లాగుతుంది. ఏ లోడూ లేనప్పుడు మీటరు ఐదు పైన చూపింది. తీగ తగిలించగానే నాలుగున్నర. అడాప్టర్‌ను ఎండలో పెట్టి పావుగంట ఆగితే నాలుగుకు దిగింది. అంటే వట్టి చేతులతో నిలబడ్డవాడి ఛాతీ కొలిచి, వీడు మూట మోస్తాడని తీర్పిచ్చాడన్నమాట. మూట ఎత్తి చూడాలన్న ఆలోచనే రాలేదు. పైన చీటీ మీద మాత్రం మూడు ఆంపుల కరెంటు ఇస్తుందని అచ్చేసి ఉంది. ఎండ వేళ గది కాగుతుంది, ఊళ్లో కూలర్లన్నీ తిరిగి కరెంటు నీరసిస్తుంది, అడాప్టర్ చేతులెత్తేస్తుంది. అదీ నాలుగింటి సంగతి.

ఎండనడుగు, అని చెప్పింది హనియ్యా. టీ కాచుకునే మనిషికి తెలిసింది.

"ఆమెకు చెప్పావా?" అంది మహబూబా.

"ముందు మంచిది తెచ్చి పెట్టనీ. తర్వాత చెబుతా."

మంచిది తేవడం ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాడు. పట్నంలో కరెంటు సామాన్ల కొట్టుకు పోయాడు. అడాప్టర్‌ను చేతిలో ఎగరేయలేదు. పొట్టి వైరు, లావు వైరు అడిగాడు. సన్నటి పొడుగు వైరులో సగం దారిలోనే వోల్టులు ఆవిరైపోతాయి. కొట్టులోనే తీగ తగిలించి, లోడు మీద మీటరు చూశాడు. కొట్టువాడు విసుక్కున్నాడు, విసుక్కోనీ అనుకున్నాడు. డబ్బాకు కావలసినదానికన్నా ఎక్కువ ఇవ్వగలిగినదే తీసుకున్నాడు. తెచ్చి రెండు మధ్యాహ్నాలు ఇంటి రేకుల మీద ఎండలో లోడుతో వదిలేశాడు. రెండో రోజు సాయంత్రం ముట్టుకుంటే వేడిగా ఉంది గాని, మీటరు ఐదు కిందికి దిగలేదు. బుధవారం తీసుకెళ్లి పంపు గదిలో పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు.

మిషను ఆగలేదు. మర్నాడు కూడా ఆగలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర త్లీలీ అతన్ని కావలించుకున్నాడు. "ఏం చెయ్యిరా అది! తాళం మార్చావు, గడియారంలా నడుస్తోంది మిషను! ఆ ముసలిది పోయింది, పీడ వదిలింది. నువ్వన్నదే నిజమైంది!"

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. హమీదా కూడా నోరు మూసుకున్నాడు. మొంజీ, "అల్లా దయ" అన్నాడు.

ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక అతనికి అర్థమైంది. చాటుగా అడాప్టర్ మార్చడమంటే తప్పు దిద్దుకోవడం కాదు, ఆమె మీద వేసిన దొంగతనపు నిందకి మేకు దిగ్గొట్టడం. మిషను ఎన్ని రోజులు ఆగకుండా నడిస్తే అంత గట్టిగా హనియ్యా దొంగ.

ఇంటికి పోతూ ఆమె తోట పక్కనుంచి పోయాడు. ఆ పూట హనియ్యా వంతు. కాలవలోకి నీళ్లు వస్తున్నాయి. ఆమె పాదుల మధ్య పారతో మట్టి తెరుస్తోంది. గట్టు మీద పొరుగు తోటవాడు కూర్చుని ఉన్నాడు, చేతిలో ఫోను, ఫోనులో టైము. ఆమె వంతు మించి వాడుకోకుండా కాపలా. ఇరవై ఏళ్లుగా ఆ గట్ల మీద ఎవరి వంతుకీ ఎవరూ అలా కాపలా కూర్చోలేదు, హమీదా వంతుకి కూడా. మొంజీని చూసి పొరుగువాడు, "నువ్వు చెప్పావుగా అన్నా, కళ్లు తెరుచుకుని ఉన్నాం" అని చెయ్యూపాడు.

హనియ్యా తలెత్తలేదు. తోట మూల మూడు రాళ్ల మధ్య ఎండు మట్టలు పెట్టి, మండే ఎండలో మంట వేసి, దాని మీద టీ కూజా పెట్టుకుంది. పొగ ఆమె కళ్లలోకే పోతోంది.

మొంజీ అక్కడ ఆగలేదు. ఇంటికొచ్చి భార్య ముందు తల పట్టుకున్నాడు. "నాకంటే హమీదా నయమే. వాడు దొంగ అని వాడికి తెలుసు."

"బాగుంది. ముప్పైమంది ముందు అన్నావు. ఇప్పుడు నా చెవిలో ఏడిస్తే ఆమెకేం ఒరుగుతుంది?" అంది మహబూబా. "నా ముందు నీ పరువు ఎప్పుడో పోయింది, నీకే తెలీదు. పోయి వాళ్ల ముందు పోగొట్టుకో."

"హమీదా కాచుకుని కూర్చున్నాడే. మిషను పీకేయమంటాడు."

"ఓహో. ఆమె పరువు మీద మిషన్ని నిలబెట్టావన్నమాట. ఇంకో అడాప్టరు దొరకలేదా నీకు?"



సోమవారం మూడున్నరకు అందరినీ పంపు గది దగ్గరికి రమ్మన్నాడు. ఆ పూట అతని సొంత వంతు, నలభై చెట్లకు నీళ్లు పారుతున్నాయి. హనియ్యాను పిలవడానికి తనే వెళ్లాడు. ఆమె కంచె అవతలి నుంచే, "మళ్లీ ఏం పోయింది? ఈసారి నా గుడిసె వెతుకుతారా?" అంది. "కాదు పిన్నీ, రా" అన్నాడు. అతను తిరిగి వచ్చి చూసేసరికి ఆమె వెనకాలే వచ్చింది. గుమ్మం దాకా రాలేదు. బయట గోడ నీడలో నిలబడింది.

మొంజీ కొత్త అడాప్టర్ పీకి, పాతది పెట్టాడు. గడియారం సరిచేశాడు. అతని తోటకి నీళ్లు మళ్లీ పారాయి.

"ఏం చేస్తున్నావురా? నీ వంతేగా?" అన్నాడు త్లీలీ.

"నా వంతే. చూస్తూ ఉండండి. ఎవరూ దేన్నీ ముట్టుకోకండి."

ఎండలో నిలబడి ముప్పైమంది ఒక రేకు డబ్బా కేసి చూడటం చిన్న పని కాదు. తిట్టుకున్నారు, చెమట తుడుచుకున్నారు. హమీదా కుర్చీ తెప్పించుకున్నాడు. నాలుగు కావస్తుండగా పచ్చ దీపం వణికి ఆరింది. వాల్వులు టకటకా మూసుకున్నాయి. మొంజీ కాలవలో నీళ్లు సన్నబడి, చూస్తుండగానే నిలిచిపోయాయి.

"ఎవరు పీకారు?" అన్నాడు మొంజీ. "పుదీనా ఆకు వెతకండి. మారు తాళం వెతకండి. ఎవరూ పీకలేదు. అడాప్టరు చచ్చుది. అది ఏరినవాణ్ని నేను. బరువు చూసి ఏరాను." చీల్చిన అడాప్టర్ జేబులోంచి తీసి, ఇనుప ముక్కను వేలితో పెకలించి నేల మీద పడేశాడు. టంగుమంది. "ఇదీ నేను చూసిన బరువు. రెండు వారాల కిందట బుధవారం నా కళ్ల ముందే ఆగింది. కరెంటు పోయిందని అబద్ధం చెప్పాను. శుక్రవారం మీరు మెచ్చుకుంటే ఊరుకున్నాను. హనియ్యా పిన్ని ఏమీ చెయ్యలేదు."

"చూశారా? నేను మొదటి నుంచీ చెబుతున్నాను, మిషను కన్నా..." అని హమీదా కుర్చీలోంచి లేచాడు.

"నువ్వు కూర్చో" అంది హనియ్యా, గోడ నీడలోంచి. "నీ మనిషి నా గంటలో పది నిమిషాలు తినేవాడు. ఈ డబ్బాకు నోరు లేదు గనక తినలేదు. నీ వంతు మాట తర్వాత." ఆమె నాలుగడుగులు ముందుకొచ్చింది. "మొంజీ, మరి ఆ ఆకు?"

"ఏ ఆకు పిన్నీ?"

"పైకెత్తి చూపించావే. అందరికీ. ఇలా." రెండు వేళ్లు పైకెత్తింది.

మొంజీ మొహం నల్లబడింది. "వట్టి ఆకు పిన్నీ. టీలో వేసేటప్పుడు పడి ఉంటుంది."

"గట్టిగా చెప్పు. త్లీలీకి వినపడలేదు."

"నాకు వినపడింది" అన్నాడు త్లీలీ, నేలచూపులు చూస్తూ.

"వినపడినా సరే. అప్పుడెంత గట్టిగా చెప్పాడో అంత గట్టిగా చెప్పమను."

మొంజీ చెప్పాడు. గొంతు చించుకుని చెప్పాడు. వట్టి ఆకు, వట్టి పుదీనా ఆకు, అని. ఎవరూ నవ్వలేదు. శుక్రవారం గట్టు మీద కాపలా కూర్చున్న పొరుగువాడు జనం వెనక్కి జరిగి, కంచె వెంబడి వెళ్లిపోయాడు.

మొంజీ కొత్త తాళంచెవి తీసి, రెండు చేతులతో ఆమె ముందుకు చాచాడు. హనియ్యా దాని కేసి చూసింది. తీసుకోలేదు.

"నీ దగ్గరే ఉంచుకో. ఆ తాడు ఒకసారి విప్పాను, మళ్లీ కట్టను. నాలుగింటికి నేను టీ కాచుకోవడానికి వస్తాను. నువ్వొచ్చి తలుపు తియ్యి."

"రోజూనా?"

"నేను రోజూ తాగుతాను" అని వెళ్లిపోయింది.

మొంజీ పాత అడాప్టర్ తీసి కొత్తది పెట్టాడు. ఆగిన తన వంతును మళ్లీ మొదలుపెట్టలేదు. తర్వాతి తోట వాల్వు తెరిచాడు. నలభై చెట్లూ ఆ ఎండలో అలాగే ఉన్నాయి.

మర్నాడు ఎవరిదో ఫోను విప్పి బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడు మొంజీ. గోడ గడియారం చూసి, మరలన్నీ అలాగే వదిలేసి, పరుగులాంటి నడకతో పంపు గదికి పోయాడు. హనియ్యా అప్పటికే వచ్చింది. ఒక చేతిలో పొయ్యి, ఇంకో చేతిలో టీ కూజా. రెండు చేతులూ నిండి ఉన్నాయి గనక పక్కకి జరిగి నిలబడింది. అతను తాళం తీశాడు. ఆమె లోపలికి పోయి, పొయ్యి ప్లగ్గును మూడో కన్నంలో పెట్టింది. మొంజీ వెళ్లలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పొయ్యి కాయిల్ ఎర్రబడింది. ఆమె పచ్చ దీపం కేసి చూస్తూ కూర్చుంది. నీళ్లు తెర్లేదాకా అతని వైపు ఒక్కసారీ చూడలేదు. దీపం వణకలేదు.

ఆమె పుదీనా తుంచింది. ఒక ఆకు బోర్డు పక్కన పడింది. తీయలేదు.